ఆఫ్‌రోడ్ బండికి ఎయిర్ ఫిల్టర్ ఎంచుకోవడం, బిగించడం, సరిగా కూర్చుందో లేదో చూసుకోవడం ఎలా?

థార్, జిమ్నీ, గూర్ఖా, పాత మహీంద్రా జీపుల వంటి బళ్లను పొలాల డొంకల్లోకీ కొండ దారుల్లోకీ తీసుకువెళ్లే విజయవాడ, గుంటూరు పాఠకులు పదే పదే అడుగుతున్నది ఒక్కటే: ఏ ఎయిర్ ఫిల్టర్ వేయించుకోవాలి, దానిని ఇంట్లోనే బిగించుకోవచ్చా? నిస్సందేహంగా బిగించుకోవచ్చు. ఏది కొనాలో కూడా కింద ఉంది. అయితే నేను చూసినంతలో ఇంజన్లు దుమ్ముకు బలైపోవడానికి ఫిల్టర్ బ్రాండు కారణమైన సందర్భాలు తక్కువ. ఫిల్టర్ అంచుకూ, అది కూర్చునే పెట్టెకూ మధ్య మిగిలిపోయిన సన్నని సందు కారణమైన సందర్భాలే ఎక్కువ. అందువల్ల ఎంపిక గురించి కొంత చెప్పి, బిగింపు గురించీ, బిగించాక చేసే పరీక్షల గురించీ ఎక్కువగా చెబుతాను.

సిద్ధాంతం ఈ మాత్రం చాలు. ఒక లీటరు డీజిల్ మండడానికి సుమారు 10,000 లీటర్ల గాలి కావాలి. ఆ గాలిలో వచ్చే ఇసుక రేణువుల్లో ప్రధానమైన క్వార్ట్జ్ గట్టిదనం, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలు మీద 7. అంటే సిలిండరు గోడను సులభంగా గీరగలదు. కంటికి ఆనని, 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులు పిస్టన్ రింగులకూ సిలిండరు గోడకూ మధ్యనున్న ఆయిల్ పొరలో చేరి లోహాన్ని అరగదీస్తాయి. కంప్రెషన్ పడిపోతుంది, బండి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, చివరికి ఇంజను బోరుకు, అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిపించే పనికి, వస్తుంది. టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో తోసే పంకా) ఉన్న బండిలో ఈ దుమ్ము మొదట తగిలేది టర్బో రెక్కలకే.

మీ బండి ఏ దుమ్ములో తిరుగుతుంది?

మన ప్రాంతంలో దుమ్మంతా ఒకే రకం కాదు. కృష్ణా నది ఇసుక రీచ్‌లలో లేచే ఇసుక ముతకగా ఉంటుంది, త్వరగా కిందికి దిగిపోతుంది. దానిని ఆపడం ఏ ఫిల్టర్‌కైనా పెద్ద పని కాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పరిసరాల్లోని బూడిద, కొండపల్లి, పేరేచర్ల వైపు క్వారీల దగ్గరి రాతిపొడి, వేసవిలో గుంటూరు, పల్నాడు నల్లరేగడి చేల మధ్య డొంకల్లో లేచే మెత్తటి ధూళి మాత్రం సన్ననివి. గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. పత్తి మిల్లుల దగ్గర తిరిగే బళ్లకు మరో చిక్కు ఉంది: దూది నూగు ఫిల్టర్ ముఖానికి దుప్పటిలా అంటుకుని, లోపలి మడతలు తెల్లగా ఉండగానే గాలిని అడ్డుకుంటుంది.

వరసగా పది బళ్లు వెళ్లే యాత్రల్లో చివరి బండి ఫిల్టర్, ముందు బండి ఫిల్టర్‌కన్నా ఎంతో ముందుగా నిండిపోతుంది. ముందు బండి రేపిన దుమ్ము సద్దుమణిగే వరకు ఆగి వెళ్లడం ఏ ఫిల్టర్ కొనడం కన్నా చవకైన ఉపాయం.

ఏ రకం తీసుకోవాలి?

కాగితపు ఫిల్టర్: కంపెనీ నుంచి బండితో వచ్చేది సాధారణంగా ఇదే. సన్నటి దుమ్మును ఆపడంలో దీనిని మించినవి అరుదు. పైగా కొద్దిగా దుమ్ము పట్టాక, ఆ దుమ్ముపొర కూడా వడపోతలో పాలుపంచుకుంటుంది కాబట్టి ఇది కొత్తగా ఉన్నప్పటి కన్నా మరింత బాగా పని చేస్తుంది. కడగడానికి పనికిరాదు, తడిస్తే దెబ్బతింటుంది. మన దారుల్లో తిరిగే బళ్లలో అత్యధిక భాగానికి నా సలహా ఇదే.

నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్: కడిగి మళ్లీ వాడుకోవచ్చు, గాలి సులువుగా వెళ్తుంది. అయితే గాలి సులువుగా వెళ్లే దానిలో సన్నటి దుమ్ము కూడా కొంత సులువుగా వెళ్లే అవకాశం ఉంది. కంపెనీ అమరికలోనే ఉన్న ఇంజనుకు దీనివల్ల శక్తి పెరగడం చెప్పుకోదగినంత ఉండదు. నూనె ఎక్కువైతే అది గాలి కొలిచే సెన్సారు మీద పడి చిక్కులు తెస్తుంది. కడగడం, ఆరబెట్టడం, నూనె పట్టించడం శ్రద్ధగా చేయగలిగిన వారు తప్ప మిగిలిన వారు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఫోమ్: మోటారు సైకిళ్లకు బాగా పని చేస్తుంది. జీపులకు దీనిని స్నార్కెల్ (ఇంజనుకు గాలిని బండి పైకప్పు ఎత్తు నుంచి తెచ్చే గొట్టం) తలకు తొడిగే ముందు వడపోతగా వాడుకోవచ్చు. దూది నూగుకు ఇది మంచి విరుగుడు.

ఆయిల్ బాత్: గాలిలోని దుమ్మును ఆయిల్‌లో పట్టి ఉంచే, పాత జీపుల్లోనూ ట్రాక్టర్లలోనూ ఉండే గిన్నె ఇదే. గిన్నెలోని గీత వరకే ఆయిల్ పోయాలి. తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే ఇంజను ఆ ఆయిల్‌ను లాగేసుకుని, డీజిల్ ఇంజను అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం ఉంటుంది. బాగా ఏటవాలు ఎక్కేటప్పుడు గిన్నెలో ఆయిల్ ఒకవైపుకు ఒరిగిపోతుంది కాబట్టి, నిలువు ఎత్తులు ఎక్కే పాత జీపుకు కాగితపు ఫిల్టర్ ఉన్న పెట్టెను అమర్చుకోవడమే మేలు.

బయటికి కనిపించే శంఖం ఆకారపు ఫిల్టర్: పెట్టె తీసేసి దీనిని నేరుగా హోస్‌కు తగిలిస్తారు. శబ్దం బాగుంటుంది. బానెట్ కింది వేడిగాలిని పీలుస్తుంది, చిమ్మిన నీరు నేరుగా మీద పడుతుంది. ఆఫ్‌రోడ్‌కు వద్దు.

కొనేటప్పుడు

ఆటోనగర్‌లో దొరకని ఫిల్టర్ ఉండదు, దొరకని నకలు కూడా ఉండదు. బండి పేరు చెప్పి అడగకుండా, పాత ఫిల్టర్ మీదున్న పార్ట్ నంబరునూ, తయారైన సంవత్సరాన్నీ, పెట్రోలా డీజిలా అన్న సంగతినీ చెప్పి అడగండి. ఒకే పేరుతో నడిచే బండికి ఇంజనును బట్టి ఫిల్టర్ మారుతుంది. వీలైతే పాత ఫిల్టర్‌ను ఒక కవరులో చుట్టి వెంట తీసుకువెళ్లి, రెండింటినీ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా అంచు రబ్బరు మందం చూడండి. గోటితో నొక్కితే మంచి రబ్బరు లోపలికి దిగి వెంటనే పైకి లేస్తుంది. నకలు రబ్బరు గట్టిగా ఉంటుంది, లేదా నొక్కిన గుర్తు అలాగే మిగిలిపోతుంది. మడతలు సమాన దూరంలో ఉన్నాయా, కాగితం రబ్బరులో కలిసే చోట జిగురు ఎక్కడైనా తెగిందా అన్నవి కూడా చూసుకోండి. ఫిల్టర్ల సామర్థ్యాన్ని ఐఎస్‌వో 5011 పద్ధతిలో పరీక్షిస్తారు. ఆ పరీక్ష ఫలితాన్ని అంకెలతో ఇచ్చే తయారీదారును, “పవర్ పెరుగుతుంది” అని మాత్రమే రాసే తయారీదారు కన్నా ఎక్కువగా నమ్మవచ్చు.

కావలసినవి

- కొత్త ఫిల్టర్
- 10 నంబరు పానా లేదా సాకెట్, స్టార్ స్క్రూడ్రైవరు, మామూలు స్క్రూడ్రైవరు
- పోగులు రాలని రెండు గుడ్డలు, ఒకటి ముదురు రంగులో పెద్దది
- మెత్తని బ్రష్, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్
- టార్చ్, ఫోను కెమెరా
- కొద్దిగా తెల్ల గ్రీజు లేదా వ్యాజలీన్, పరీక్ష కోసం
- చెడిపోయిన వాటి బదులుగా ఒకటి రెండు హోస్ క్లాంపులు

బిగించే పద్ధతి

1. గాలి తోలని చోట బండిని ఆపి, ఇంజను చల్లారనివ్వండి. తాళం తీసేయండి. పక్కన ఇసుక లారీలు తిరిగే రోడ్డు మీద ఈ పని పెట్టుకోవద్దు.

2. పెట్టెను తెరవక ముందే దాని బయటి భాగాన్ని శుభ్రం చేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మూత అంచు మీద పేరుకున్న మట్టి, మూత తీసిన మరుక్షణం లోపలికే రాలుతుంది. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి, గాలి కొట్టవద్దు.

3. హోస్‌లు, వైర్లు, క్లిప్పులు ఎలా ఉన్నాయో ఫోనుతో రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి. మూతకు సెన్సారు ప్లగ్గు ఉంటే, దాని తాళాన్ని నొక్కి ప్లగ్గును పట్టుకుని లాగండి. వైరు పట్టుకుని లాగవద్దు.

4. క్లిప్పులు లేదా స్క్రూలు విప్పి, మూతను నిదానంగా పైకెత్తండి. కొన్ని మూతలకు ఒకవైపు క్లిప్పులు, ఎదురువైపు గాడుల్లో దూరే ప్లాస్టిక్ నాలుకలు ఉంటాయి. బలవంతంగా లాగితే ఆ నాలుకలు విరుగుతాయి. ఒక నాలుక విరిగినా ఆ వైపు మూత ఎప్పటికీ సరిగా బిగియదు.

5. పాత ఫిల్టర్‌ను ఒంచకుండా, తట్టకుండా నిటారుగా బయటికి తీయండి. తీసిన వెంటనే ఇంజను వైపు వెళ్లే హోస్ మూతిలో ముదురు రంగు గుడ్డను కుక్కండి. గుడ్డ పెద్దదీ, రంగు కొట్టొచ్చినట్టు కనిపించేదీ అయితే దానిని లోపలే మరిచిపోయి మూత పెట్టే ప్రమాదం ఉండదు.

6. ఇప్పుడు తొందరపడకుండా పాత ఫిల్టర్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. దుమ్ము పట్టిన వైపు ఎలా ఉన్నా ఫరవాలేదు. అది దాని పని. శుభ్రంగా ఉండవలసిన వైపూ, అంచు రబ్బరూ చూడాలి. రబ్బరు చుట్టూ మూత నొక్కిన గీత ఒకే వెడల్పుతో, ఎక్కడా తెగకుండా ఉండాలి. ఆ గీత ఒకచోట చెరిగిపోయి, అక్కడ బయటి నుంచి లోపలికి ఎర్రమట్టి చార అడ్డంగా కనిపిస్తే, దుమ్ము ఇన్నాళ్లూ ఆ సందులోంచే వెళ్లిందని అర్థం. అప్పుడు కొత్త ఫిల్టర్ ఒక్కటి వేస్తే సరిపోదు. పెట్టె ఒంగిందా, క్లిప్పు వదులైందా, నాలుక విరిగిందా తేల్చుకోవాలి.

7. పెట్టెలో దుమ్ము చేరే అరను వాక్యూమ్‌తో పీల్చి, తడి గుడ్డతో తుడవండి. శుభ్రమైన అరను వేరే గుడ్డతో తుడవండి. రెండింటికీ ఒకే గుడ్డ వాడవద్దు. ఇంజను హోస్ ఏ అరకు కలిసి ఉందో అదే శుభ్రమైన వైపు. పెట్టె అడుగున నీరు కారడానికి రబ్బరు ముక్కు ఉంటే, అది బురదతో మూసుకుపోయిందేమో వేలితో నొక్కి చూడండి.

8. హోస్‌ను చేత్తో ఒంచి, ముడతల మధ్య చీలికలు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. పాత బళ్లలో రబ్బరు పైకి నున్నగా కనిపిస్తూ, ఒంచినప్పుడు మాత్రమే నోరు తెరుస్తుంది. హోస్ లోపల పల్చటి ఆయిల్ చెమ్మ ఉండటం చాలా ఇంజన్లలో మామూలే. ఆ చెమ్మలో గరుకుగా మట్టి తగిలితే మాత్రం మామూలు కాదు.

9. కొత్త ఫిల్టర్ మీది ప్లాస్టిక్ కవరు తీసేసి, బాణం గుర్తు గానీ “పై వైపు” అన్న రాత గానీ ఉంటే దాని ప్రకారం కూర్చోబెట్టండి. నాలుగు మూలలనూ వేళ్లతో నొక్కండి. రబ్బరు ఎక్కడా మెలిక పడకూడదు, పైకి లేవకూడదు. సందు పూడుతుందని సిలికాన్ జిగురు పూయవద్దు.

10. గుడ్డను బయటికి తీయండి. మూతను ముందు నాలుకల వైపు గాడిలో దూర్చి, తరువాత క్లిప్పుల వైపు దించండి. క్లిప్పులను ఎదురెదురుగా వేయండి. స్క్రూలైతే అన్నీ వేళ్లతో తగిలించి, ఆపైన కొద్దికొద్దిగా బిగించండి. ఏదైనా క్లిప్పు పడటానికి బాగా బలం పెట్టవలసి వస్తే ఫిల్టర్ సరిగా కూర్చోలేదని అర్థం. మళ్లీ తెరిచి చూడండి.

11. హోస్‌ను మెడ మీదికి పూర్తిగా ఎక్కించి క్లాంపు బిగించండి. చేతికి గట్టిగా తగిలిన దగ్గర ఆపండి. ఇంకా తిప్పితే రబ్బరు తెగుతుంది. సెన్సారు ప్లగ్గు పెట్టి, ఫొటోలతో సరిచూసుకుని ఇంజను స్టార్ట్ చేయండి.

కాటన్ ఫిల్టర్ వాడేవారికి రెండు మాటలు. దాని తయారీదారు చెప్పిన ద్రావణంతోనే కడిగి, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు నెమ్మదిగా నీరు పోయండి. నీడలో పూర్తిగా ఆరనివ్వండి. నూనెను మడతల వెంట సన్నగా పట్టించి, అది పాకే వరకు ఆగి, తెల్లగా మిగిలిన చోట్ల మాత్రమే మరికాస్త వేయండి. నూనె కారుతుంటే ఎక్కువైందన్నమాటే.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది గాలి కొట్టడం. “కొత్తదెందుకన్నా, గాలి కొట్టి పెట్టేస్తా, ఇంకో ఆర్నెల్లు వస్తుంది” అన్న మాట వినని యజమాని ఉండడు. టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌లో ఒత్తిడి కాగితం తట్టుకోగలిగే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. నాజిల్‌ను దగ్గర పెట్టి కొడితే కాగితంలో కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. బయటి నుంచి కొడితే దుమ్ము మడతల లోతుల్లోకి దిగుతుంది. ఆ తరువాత ఫిల్టర్ చూడడానికి తెల్లగా, కొత్తదానిలా ఉంటుంది. మోసపోయేది అక్కడే. దారి మధ్యలో మరో మార్గం లేక కొట్టవలసి వస్తే, ఒత్తిడి 2 బార్, అంటే సుమారు 30 పీఎస్‌ఐ, దాటకుండా, నాజిల్‌ను జానెడు దూరంలో పట్టుకుని, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు కొట్టి, ఇంటికి చేరగానే కొత్తది వేయండి. ట్రాక్టర్లకూ జేసీబీలకూ రెండు ఫిల్టర్లు ఒకదానిలో ఒకటి ఉంటాయి. లోపలిదానికి ఎప్పుడూ గాలి కొట్టకూడదు, మార్చడమే.

కాగితపు ఫిల్టర్‌ను పెట్రోలుతో గానీ సబ్బునీళ్లతో గానీ కడగడం రెండో పొరపాటు. నేలకు కొట్టి దులపడం మూడోది. అంచు ఒంగి సందు ఏర్పడుతుంది. మాటిమాటికీ తెరిచి చూడటం కూడా పొరపాటే, ఎందుకంటే తెరిచిన ప్రతిసారీ కాస్త దుమ్ము శుభ్రమైన వైపు పడుతుంది. ఫిల్టర్ ఎంత మూసుకుపోయిందో చూపే సర్వీస్ ఇండికేటర్ ఉన్న బండి అయితే అది ఎర్రగీత చేరే వరకు పెట్టె జోలికి పోనవసరం లేదు.

సరిగా కూర్చుందో లేదో తెలుసుకోవడం

గీత పరీక్ష: మూత అంచుకు వ్యాజలీన్ అతి పల్చగా రాసి, మూత బిగించి, మళ్లీ తెరవండి. కొత్త రబ్బరు మీద తెగకుండా చుట్టూ జిడ్డు గీత పడి ఉండాలి. ఎక్కడ గీత లేదో సందు అక్కడే. చూశాక పూర్తిగా తుడిచేయండి.

గ్రీజు పరీక్ష: ఫిల్టర్ దాటాక వచ్చే హోస్ లోపలి గోడకు, సెన్సారుకు దూరంగా, వేలెడు వెడల్పున తెల్ల గ్రీజును పల్చటి పూతగా రాయండి, ముద్దగా పెట్టవద్దు. దుమ్ము దారిలో ఒకసారి తిరిగి వచ్చాక తెరిచి, ఆ పూతను రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. నున్నగా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. గరగరమంటే దుమ్ము లోపలికి వెళ్తోంది. ఎంత తక్కువైనా దానిని వదిలేయవద్దు. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇదే.

దీపం పరీక్ష: పాత కాగితపు ఫిల్టర్ మీద అనుమానం ఉంటే, చీకటి గదిలో దాని వెనుక టార్చ్ పెట్టండి. కాగితం అంతటా ఒకే మాదిరిగా వెలగాలి. సూదిమొన లాంటి చుక్క మెరిస్తే ఆ ఫిల్టర్‌ను పారేయండి.

స్నార్కెల్ ఉన్నవారు ఇంజను ఐడిల్‌లో ఉండగా దాని నోటికి ఒక్క క్షణం చదునైన చెక్కను అడ్డుపెట్టి చూడండి. ఇంజను తడబడి ఆగిపోబోవాలి. ఏమీ పట్టనట్టు నడుస్తుంటే గాలి మరో చోటి నుంచి వస్తోంది. ప్రతి జాయింటునూ, ప్రతి క్లాంపునూ వెతకండి. చెయ్యి అడ్డుపెట్టవద్దు, రేసు చేయవద్దు.

నీటిలో దిగాక

థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు హద్దు 650 మిల్లీమీటర్లు. అది నిలకడ నీటిలో నెమ్మదిగా వెళ్లేటప్పటి మాట. వాగు దాటాక పెట్టె తెరిచి ఫిల్టర్‌ను ముట్టుకుని చూడండి. అడుగున కాస్త చెమ్మ ఉంటే తుడిస్తే సరిపోతుంది. కాగితం నానిపోయి మెత్తబడితే ఎండబెట్టి వాడవద్దు, మార్చండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటిలా బండి నీటమునిగితే, నీళ్లు తీశాక స్టార్ట్ అవుతుందా అని తాళం తిప్పకండి. ముందు పెట్టె తెరవండి. ఫిల్టర్ తడిసి ఉంటే సిలిండరులోకి నీరు వెళ్లి ఉండవచ్చు. నీరు నలగదు కాబట్టి, ఒక్కసారి స్టార్టరు తిప్పినా కనెక్టింగ్ రాడ్ ఒంగిపోగలదు. బండిని లాక్కెళ్లి మెకానిక్‌కు చూపించడమే మార్గం.

ఎప్పుడు మార్చాలి?

యజమాని పుస్తకంలో దుమ్ము ప్రాంతాలకు విడిగా ఒక షెడ్యూలు ఉంటుంది. మీ బండికి వర్తించేది అదే, మామూలు రోడ్లది కాదు. పికప్ తగ్గడం, డీజిల్ బండి నల్లపొగ వదలడం ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోయాక కనిపించే లక్షణాలు, అంతవరకు ఆగవద్దు. మిర్చి కోతల కాలంలో, ఫిబ్రవరి నుంచి మే దాకా, పొడి డొంకల్లో తిరిగే బండికి ఎండాకాలం ముగియగానే, వానలు పడకముందే కొత్తది వేయడం మంచి పద్ధతి. దుమ్ము నిండిన కాగితానికి వాన చెమ్మ తగిలితే అది అట్టకట్టి గాలిని ఒక్కసారిగా అడ్డుకుంటుంది.

మార్చిన తేదీనీ, అప్పటి కిలోమీటర్లనూ మార్కరుతో ఫిల్టర్ చట్రం మీదే రాయండి. దూర యాత్రలకు వెళ్లేటప్పుడు ఒక కొత్త ఫిల్టర్‌ను దాని అట్టపెట్టెతో సహా వెంట ఉంచుకోండి. జాకీ, తాళ్లు దాని మీద పడి మడతలు నలగకుండా సీటు కింద విడిగా పెట్టండి. తీసేసిన పాతదానిని స్పేరుగా దాచుకోవద్దు.